రంపానికి రంగు

మన భాషలో రంపానికి మంచి పేరు లేదు. కత్తికి పదునని గౌరవం ఉంది. గొడ్డలి పరశురాముడి చేతిలో ఉంది కనుక దానికీ కాస్త మర్యాద దక్కింది. పాపం, రంపానికి మాత్రం ‘రంపపుకోత’ అన్న ఒక్క మాటే మిగిలింది. అత్తగారు కోడల్ని రంపపుకోత పెడుతుంది. కోడలు ఆ కోతంతా తీసుకెళ్లి మొగుడి మీద చూపిస్తుంది. సీరియల్ భాగం వేళకి అందకపోతే ఎడిటరుగారు నాబోటి వాళ్లని ఫోన్లోనే కోసేస్తారు.

రంగు సంగతీ అంతంత మాత్రమే. ‘వాడి రంగు బయటపడింది’ అన్నామంటే, పైన కనిపించింది అబద్ధమనీ లోపల ఉన్నది ఇంకోటనీ అర్థం. ఇలా పేరు చెడ్డ రెండూ, రంపమూ రంగూ, ఒకచోట కలిస్తే ఏమవుతుంది? ఇదేం ప్రశ్న అని నవ్వకండి. పాతబడి మూలబడ్డ రంపాలని విప్పి, తోమి, రంగులు వేసి, మెరుగుపెట్టి, ఇంట్లో అపురూపంగా దాచుకునే వాళ్లు అమెరికాలోనూ ఐరోపాలోనూ చాలామంది ఉన్నారు. మొదట విన్నప్పుడు నాకూ నవ్వే వచ్చింది. మనింట్లో ఆడవాళ్లు ఇత్తడి బిందె తళతళా తోమి షోకేసులో పెడితే ముచ్చట. మగవాడు రంపం తోమి పెడితే విడ్డూరం కాదూ! తీరా దాని వెనకాల ఉన్న కథంతా తెలిశాక నవ్వు పోయింది.

ముందు ఏ రంపమో చెప్పాలి. వడ్రంగి చేతిలోది కాదు, సామిల్లులో గుండ్రంగా తిరిగేదీ కాదు. చైన్‌సా అంటారే, అది. తుపానుకి చెట్లు కూలి రోడ్లకి అడ్డంగా పడిపోతే పెద్ద రొదతో ముక్కలు చేసి తీసేస్తారు చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చేసిపోయాక, కూలిన చెట్ల దగ్గర వినిపించిన రొద దీనిదే. చేత్తో పట్టుకునే చిన్న ఇంజను, దాని ముందు మూరెడు పొడుగు ఉక్కు పట్టీ, ఆ పట్టీ అంచు చుట్టూ సైకిలు గొలుసులాంటి గొలుసు. ఆ గొలుసుకి పళ్లుంటాయి. ఇంజను తిరిగితే గొలుసు పరిగెడుతుంది, పళ్లు మానుని తినుకుంటూ పోతాయి. యంత్రం అంతే.

ఇది చెట్లకోసమే పుట్టిందనుకుంటాం. కానీ దీని తొలిరూపం పుట్టింది పురిటి మంచం పక్కన.

పద్ధెనిమిదో శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అని ఇద్దరు వైద్యులుండేవారు. గడియారపు గొలుసులాంటి సన్నని గొలుసుకి పళ్లు పెట్టి, రెండు కొసలా రెండు పిడులు తగిలించిన పనిముట్టుని వాళ్లు తయారుచేయించారు. 1785లో అచ్చయిన ఐట్కెన్ ప్రసూతి గ్రంథంలో దాని బొమ్మ కూడా ఉంది. ఎందుకంటారా? బిడ్డ బయటికి రాలేక తల్లి ప్రాణం మీదికొచ్చినప్పుడు, కటి ఎముకలు ముందువైపు కలిసే కీలుని కోసి దారి వెడల్పు చెయ్యడానికి. అప్పట్లో కడుపు కోసి బిడ్డని తీస్తే తల్లి బతకడం చాలా అరుదు. అంతకంటే ఇదే నయమనుకున్నారు. జెఫ్రే దాన్ని కుళ్లిన ఎముకలు తీసెయ్యడానికి కూడా వాడాడు. ఈథరు మత్తు ఇచ్చి ఆపరేషన్ చెయ్యడం లోకానికి తెలిసింది 1846లో. దానికి అరవై ఏళ్ల ముందు ఈ గొలుసు కింద పడుకున్న ఆడవాళ్లని తలుచుకోండి. రంపపుకోత అనే మాటని మనం ఎంత తేలిగ్గా వాడేస్తున్నామో!

1830లో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ ఆ గొలుసుని ఒక పట్టీ చుట్టూ తిరిగేలా చేసి, తిప్పడానికి పిడి అమర్చాడు. ఇదీ ఎముకలు కొయ్యడానికే. ఆ బొమ్మ చూస్తే ఇవాళ్టి చైన్‌సాకి తాతగారని ఎవరైనా పోల్చుకుంటారు. 1894లో లియొనార్డో జీల్యి అనే ఇటలీ ప్రసూతి వైద్యుడు గొలుసుకి బదులు గరుకు తీగతో కోసే రంపం తెచ్చాడు. అక్కణ్ణించి గొలుసు రంపం మెల్లగా ఆస్పత్రి గడప దిగిపోయింది. ఒక్కటి గమనించాను. ఈ వైద్యపు రంపాలకి రంగు ఊసే లేదు. ఉక్కు ఉక్కులాగే ఉంది, పిడి పిడిలాగే ఉంది. చేసే పని ఎంత కఠినమో రూపమూ అంత కఠినంగానే ఉండేది. దాన్ని ముస్తాబు చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ముస్తాబు అడవికి వెళ్లాక మొదలైంది.

1926లో జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే గొలుసు రంపం తయారుచేశాడు. మరుసటేడు ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేది చేసి, తురింజియాలోని డోల్మర్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే దానికి పెట్టుకున్నాడు. మనవాళ్లు పిల్లలకి తిరుపతి, సింహాచలం అని పేర్లు పెట్టుకున్నట్టు! అవి అరక్వింటాలుకి అటూ ఇటూగా తూగేవి. చెరోవైపు ఒకడు పట్టుకుంటేగాని లేవవు. మన ఊళ్లల్లో గొయ్యి తీసి, పైన ఒకడు కింద ఒకడు నిలబడి దూలాలు కోసేవారు చూడండి, ఆ ఇద్దరి జతే ఇక్కడా తప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అల్యూమినియం, మెగ్నీషియం లాంటి తేలిక లోహాల పోత పని బాగా పెరిగింది. రంపాలు చిక్కిపోయాయి. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీ పాతిక పౌన్ల రంపం, అంటే సుమారు పదకొండు కిలోలది, అమ్మకానికి పెట్టింది. 1963లో హోమ్‌లైట్ వాళ్లది పట్టీ, గొలుసు కాకుండా పన్నెండు పౌన్లకి దిగింది. ఒక్క మనిషి ఒక్క రంపంతో అడవిలోకి వెళ్లగల రోజులొచ్చాయి.

రంపం పళ్లకి కూడా ఒక కథ ఉంది. మొదట్లో ఆ పళ్లు మామూలు రంపం పళ్లలాగే గీసుకుంటూ పోయి, ఊరికే మొద్దుబారిపోయేవి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టే జో కాక్స్ అనేవాడు 1946లో ఒక రోజు, మొద్దుని తొలుస్తున్న పురుగుని చూస్తూ కూచున్నాడట. ఆ పురుగు దవడలు కుడివైపొకసారి, ఎడమవైపొకసారి మార్చి మార్చి తొలుస్తున్నాయి. ఇంటికెళ్లి గొలుసు పళ్లని అలాగే కుడికొకటి ఎడమకొకటి వంచి చూశాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. ఇవాళ్టి గొలుసులకి కూడా మూలం ఆ పురుగు దవడలే. మనమైతే చెదపురుగు కనిపిస్తే కిరసనాయిలు డబ్బా కోసం పరిగెడతాం!

రంపాలు తేలికై, కంపెనీలు పెరిగాక, వాటితోబాటే రంగులూ వచ్చాయి. మెకల్లక్ అంటే పసుపు. హోమ్‌లైట్ కొన్నాళ్లు నీలం, కొన్నాళ్లు ఎరుపు. పూలన్ ఆకుపచ్చ. స్వీడన్ దేశపు యోన్సరెడ్ ఎరుపు, హస్క్‌వార్నా నారింజ. ష్టీల్ నారింజ, తెలుపు కలిపి కట్టింది. ఎండుటాకుల్లోనో మంచులోనో కింద పెట్టిన వస్తువు దూరం నుంచే కనబడాలి కదా, అందుకు ఈ రంగులు పనికొస్తాయి. అసలు ప్రయోజనం మాత్రం వ్యాపారం. చదువుకోని కూలీ కూడా రంగు చూసి కంపెనీని గుర్తుపట్టాలి. దుకాణంలో చీర అంచు చూసి ఇది వెంకటగిరిది, ఇది గద్వాలది అని మనం పోల్చుకోమూ? అలాగే.

ఈ హస్క్‌వార్నాతో మనకి దూరపు చుట్టరికం కూడా ఉంది. 1689లో రాజుగారి సైన్యానికి తుపాకులు చెయ్యడానికి వెలిసిన కార్ఖానా అది. 1872లో కుట్టుమిషన్లు మొదలుపెట్టింది. 1959లో రంపాలకి దిగింది. తుపాకి, కుట్టుమిషన్, రంపం! ఒకే గూట్లోంచి చంపేదీ, కుట్టేదీ, కోసేదీ వచ్చాయి.

మెకల్లక్ కంపెనీ యజమాని రాబర్ట్ మెకల్లక్ కథ ఇంకా తమాషా. పిల్లలు కాన్వెంటులో చప్పట్లు కొడుతూ లండన్ బ్రిడ్జి కూలిపోతోందని పాడతారు చూశారూ, ఆ పేరుగల వంతెనని ఈయన 1968లో కొనేశాడు. 1831లో కట్టిన రాతి వంతెన అది. ఇరవై నాలుగు లక్షల అరవై వేల డాలర్లు పోసి కొని, బయటి రాళ్లకి నంబర్లు వేయించి, ఓడల్లో అమెరికా తెప్పించి, అరిజోనా ఎడారిలో తాను కట్టిస్తున్న లేక్ హవాసు సిటీ అనే ఊళ్లో నిలబెట్టాడు. 1971 నాటికి పని పూర్తయింది. అయితే లోపలంతా కొత్త కాంక్రీటు. దాని మీద పాత రాళ్లని చొక్కాలా తొడిగారు. పైన చర్మం పాతది, లోపల ఎముకలు కొత్తవి.

పాత రంపాలకి రంగులు వేసేవాళ్లు చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. ఎముకలు పాతవి, చర్మం కొత్తది. ఆ పని దగ్గరుండి చూసే అవకాశం నాకు జో కాక్స్ కంపెనీ పెట్టిన ఊరి పక్కనే దొరికింది.

మా అక్క కూతురూ అల్లుడూ పోర్ట్‌లాండ్ పక్కన ఉంటారు. అటువైపు కంప్యూటర్ ఉద్యోగాల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నేను వెళ్లిన మూడో రోజు పక్కింటి షెడ్డులోంచి ఏదో గీకుతున్న చప్పుడు వినిపించింది. “పిన్నీ, ఆయన రంపాలకి రంగులేస్తారు. నీకు కథకి పనికొస్తుందేమో వెళ్లి చూడు” అంది మా పిల్ల. నవలలు రాసేవాళ్లకి ఇదో బాధ. ఎక్కడ ఏ వింత కనిపించినా మనకి పనికొస్తుందని అప్పజెప్పేస్తారు.

ఆయనకి ఎనభై దాటాయి. ఇరవయ్యో ఏట అడవిలో చెట్లు కొట్టే పనిలో చేరి, ముప్ఫై ఏళ్లకి పైగా చేశారట. షెడ్డులో గోడ పొడుగునా చెక్క అరల మీద రంపాలు. పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. బొమ్మలకొలువులా ఉంది!

బల్ల మీద మాత్రం ఒకటి విప్పి పరిచి ఉంది. పాత వస్తువుకి రంగు వెయ్యడమంటే డబ్బా మూత తీసి కుంచె ముంచడమే అనుకుంటాం. ఆయన దగ్గర రంగు దాకా రావడానికే వారం పట్టింది. ముందు ప్రతి మరా విప్పి, దేనికదే చిన్న డబ్బాల్లో వేసి, డబ్బాల మీద అట్టముక్కలు అంటించారు. తర్వాత కడుగుడు. పాత నూనె, రంపపు పొట్టు కలిసి ఏళ్ల తరబడి గట్టిపడ్డ మడ్డి, మన వంటింటి కిటికీ ఊచల మీద పేరుకున్న పోపు జిడ్డుకి అక్కగారిలా ఉంటుంది. అది పూర్తిగా వదలకుండా వేస్తే రంగు నిలవదు. ఆ తర్వాత పాత రంగు తీసెయ్యడం.

ఇక్కడే అసలు తంటా. రంపం ఒళ్లు చాలావరకు మెగ్నీషియం కలిసిన లోహం. స్కూలు లాబొరేటరీలో మాస్టారు మెగ్నీషియం రిబ్బను వెలిగిస్తే కళ్లు చెదిరే తెల్లటి వెలుగు వచ్చేది, గుర్తుందా? ఆ మెగ్నీషియమే. ముద్దగా ఉన్నప్పుడు బుద్ధిమంతురాలే. గీకి పొడి చేస్తే, ఆ పొడికి నిప్పురవ్వ తగిలితే మాత్రం భగ్గుమంటుంది. నీళ్లు పోస్తే ఆరదు సరికదా, ఇంకా రేగుతుంది. అందుకని ఆయన మిషన్ పెట్టి గీకరు. మందు పూసి పాత రంగుని ఉబ్బించి, చేత్తో మెల్లగా తీస్తారు.

ఇంకో కారణం కూడా ఉంది. వెనకటి పసుపు, నారింజ రంగుల్లో లెడ్ క్రోమేట్, అంటే సీసం కలిసిన క్రోమియం రంగు, విరివిగా వాడేవారు. ఎండకి వెలవకుండా, చూడగానే కళ్లని పట్టుకునేంత ధాటీగా ఉంటుంది కనుక యంత్రాలకి అదంటే మోజు. దాని పొడి ఊపిరితోనో చేతివేళ్లతోనో ఒంట్లోకి వెడితే విషం, పసిపిల్లలకి మరీను. అమెరికాలో 1978లో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించారు. మన దేశంలో 2016లో చేసిన నిబంధనల ప్రకారం ఇళ్లకీ అలంకారానికీ వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో తొంభైకి మించకూడదు. 2017 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. నిబంధన రాకముందు వేసిన రంగు నిబంధన రాగానే మాయమైపోదు కదా. పాత గేటో, కిటికీ ఊచలో, పిల్లల ఉయ్యాలో గరుకు కాగితం పెట్టి రుద్దించేటప్పుడు, పిల్లల్ని అవతలికి పంపించి, పొడిగా కాకుండా తడిపి రుద్దించి, తడిగుడ్డతో తుడిపించండి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

పాత రంగు తీశాక, లోహం గాలికి తెల్లగా పూత పట్టకుండా ప్రైమరు వేశారు. ప్రైమరు లేకపోతే మెగ్నీషియం మీద రంగు పెచ్చులూడిపోతుంది. అప్పుడు రంగు, అదీ పల్చగా మూడు నాలుగు పూతలు. మామూలు రంగు పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది. పెట్రోలుకి ఓర్చుకునే రంగులు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ముక్కుకి సరైన మాస్కు లేకుండా వెయ్యకూడదు. ఇంజను చల్లబడటానికి ఉన్న రేకుల మీద దళసరిగా వేస్తే వేడి బయటికి పోదు. పొగ గొట్టానికి వేడికి తట్టుకునే రంగు విడిగా కావాలి. చివర్న సన్నటి సెగలో ఆరబెట్టాలి. వెనక ఒకసారి ఆయన వంటింటి ఓవెన్‌లో పెట్టేశారట. “ఆదివారం కేకు పెట్రోలు వాసన వేసింది. ఆ సాయంత్రమే పాత ఓవెన్ ఒకటి కొని షెడ్డులో పెట్టించాను” అన్నారు ఆయన భార్య. ఏ దేశమైనా వంటిల్లు వంటిల్లే!

ఇదంతా చూస్తుంటే నాకు మా అమ్మమ్మగారి వీధిలో కలాయి వేసే సాయిబు గుర్తొచ్చాడు. కొలిమి తిత్తి ఊదుతూ, కాలిన ఇత్తడి గిన్నెలో నవాసాగరం జల్లి, తగరం కరిగించి, గుడ్డతో గిరగిరా తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. ఆ మెరుపు చూసుకోవడానికే కలాయి వేయించేవారా? కలాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగి విషమవుతుందని వేయించేవారు. మెగ్నీషియం మీద రంగు కూడా కలాయి లాంటిదే. అందం దానికి కొసరు. వస్తువుని బతికించడం దాని అసలు పని.

అయితే రంగుకి ఇంకో పని కూడా చాతవును, దాచడం. పాత సామాన్ల బజారులో పగిలిన చోట లప్పం పెట్టి, పైన దట్టంగా రంగు కొట్టి, కొత్తదిలా అంటగట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఫ్యాను కావచ్చు, గ్రైండరు కావచ్చు, కొన్నవాళ్లకి పోయేది డబ్బే. రంపం విషయంలో డబ్బుతో పోదు.

ఎందుకో ఆయన చేతులు చూశాక అర్థమైంది. మబ్బు పట్టిన చల్లటి పొద్దున, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. రెండు చేతుల వేళ్లూ కణుపుల దాకా మైనంలా తెల్లగా పాలిపోయాయి. వెనకటి రంపాల పిడులు ఇంజనుతోబాటే అదిరేవి. రోజుకి ఆరేడు గంటలు, ఏళ్ల తరబడి ఆ అదురు పట్టుకుంటే వేళ్లకి నెత్తురు తీసుకెళ్లే సన్నటి నాళాలూ నరాలూ దెబ్బతింటాయి. చలి తగలగానే వేళ్లు తెల్లబడి మొద్దుబారతాయి. తెల్లవేళ్ల జబ్బనే దాన్ని పిలిచేవారు. 1960లలో జపాన్‌లోనూ ఐరోపాలోనూ అడవి పనివాళ్లలో ఇది ఎంత ఎక్కువగా ఉందో వైద్యులు బయటపెట్టారు. ఆ పదేళ్ల నడిమికి వచ్చేసరికి పిడికీ ఇంజనుకీ మధ్య రబ్బరు దిమ్మెలు పెట్టి అదురు తగ్గించడం మొదలైంది.

ఇంకో గండం ఉంది. పట్టీ మొన దేనికైనా తగిలితే రంపం ఒక్క ఉదుటున మనిషి మొహం మీదికి ఎదురు తన్నుతుంది. అలా తన్నినప్పుడు గొలుసుని కనురెప్పపాటులో ఆపేసే బ్రేకు 1970ల మొదట్లో రావడం మొదలైంది. అమెరికాలో 1995 ఫిబ్రవరి తర్వాత అడవి పనిలోకి కొత్తగా తెచ్చే రంపాలకి ఈ బ్రేకు ఉండితీరాలని చట్టం చేశారు. అంటే ఆయన బొమ్మలకొలువులో మెరుస్తున్న అందగత్తెల్లో సగానికి ఆ బ్రేకు లేదు. కొత్త పెళ్లికూతుళ్లలా కనిపిస్తున్నాయి. కుర్రాడెవడైనా ముచ్చటపడి కొనుక్కుని, పెరట్లో చెట్టు మీద ప్రయోగిస్తే?

“నాకు ఆ పసుపు రంగంటే ఒకప్పుడు ఒళ్లు మండేది” అన్నారు ఆవిడ, కాఫీ కప్పు నా చేతికిస్తూ. “ఇక్కడ మా కాలంలో చీకటి పడినా పనివాళ్ల బండి రాలేదంటే, వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. పని మానేశాక ఈయన వాటిని ఇంటికి తెచ్చి సింగారిస్తుంటే, వీటికింకా ఈ భోగం కూడానా అనుకున్నాను.”

“మరి ఎలా ఒప్పుకున్నారు?” అని అడిగాను.

ఆవిడ లేచి, అరలోంచి ఒక నీలం రంపం దింపి, పైమూత విప్పి చూపించారు. మూత లోపల చిన్న అట్ట అంటించి ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో ఆ రంపం ఏ సంవత్సరానిదో, ఎవరి దగ్గర పనిచేసిందో, ఏ భాగాలు మార్చారో రాసి ఉంది. ఒకచోట మూత పగిలితే అతికిన సంగతి ఉంది. అన్నిటికంటే కింద ఎర్ర సిరాతో ‘గొలుసు బ్రేకు లేదు, అదురు తగ్గించే ఏర్పాటు లేదు, నడపవద్దు’ అని ఉంది. ఆవిడ పెట్టిన షరతు అదేనట. రంగు ఎంత మెరిసినా సరే, లోపల నిజం రాయనిదే ఏ రంపమూ షెడ్డు దాటకూడదు. రాత ఆవిడదే. పెన్ను పట్టుకుంటే ఆయన వేళ్లు ఎక్కువసేపు మాట వినవు. చలికాలం పొద్దున్న చొక్కా బొత్తాలు కూడా ఆవిడే పెడతారు.

ఒక్క రంపానికి మాత్రం కొత్త రంగు లేదు. అది ఆయన అన్నగారిది. శుభ్రంగా కడిగి, మైనం పట్టించి వదిలేశారు. పసుపు రంగు అక్కడక్కడా ఉంది. వెనక పిడి దగ్గర అరచెయ్యి ఆనే మేర రంగంతా అరిగి, లోహం నున్నగా బయటపడింది. “ఇక్కడ రంగు వేస్తే మా అన్నయ్య చెయ్యి పోతుంది” అన్నారాయన.

చరిత్ర అంటే మా బి.ఏ. రోజుల్లో యుద్ధాలూ, ఒడంబడికలూ, రాజుల వరసా. వాళ్ల షెడ్డులో మాత్రం చరిత్ర రెండు రకాలుగా కనిపించింది. రంగు వెయ్యకుండా వదిలేసిన అరచెయ్యంత చోటు ఒకటి. రంగు వేసినప్పుడు మూత వెనక రాసిపెట్టిన అట్టముక్క ఇంకోటి. మొదటిది ఉంచడానికి ప్రేమ చాలు. రెండోది రాయడానికి ఇంకాస్త నిబ్బరం కావాలి. తళతళలాడే వస్తువు చేతిలో పెట్టుకుని ‘దీనికి ఇది లేదు’ అని రాయాలి కదా! ఆ గొలుసు కింద పడుకున్న తొలినాటి తల్లుల పేర్లు ఎవరూ ఇలా మూత వెనక రాయలేదు. తయారుచేసిన వైద్యుల పేర్లు మాత్రం మనదాకా వచ్చాయి.

మనకి ఇళ్లల్లో రంపాలు లేకపోవచ్చు. కుట్టుమిషన్లున్నాయి, ట్రంకు పెట్టెలున్నాయి, పందిరి మంచాలున్నాయి, ఇనప బీరువాలున్నాయి. పండగకో పెళ్లికో వాటికి రంగులు వేయిస్తూనే ఉంటాం. వేయించండి, తప్పులేదు. తుప్పు పట్టనివ్వడం ప్రేమ అనిపించుకోదు. కాకపోతే అమ్మమ్మగారి కుట్టుమిషన్‌కి కొత్త నల్లరంగు వేయించేముందు, ఆవిడ మోచెయ్యి ఆనీ ఆనీ అరిగిన చోటేదో ఒకసారి చూసుకోండి. అది వదిలెయ్యాలో వద్దో మీ ఇష్టం. రంగు ఆరాక మాత్రం ఒక చీటీ రాసి సొరుగులో పడెయ్యండి. ఏ ఏడు కొన్నారు, దాని మీద ఎవరెవరి పెళ్లి రవికెలు కుట్టారు, చక్రం ఎప్పుడు మార్చారు, కుడుతుంటే దారం ఎక్కడ తెగుతుంది.

దారం తెగే సంగతి తప్పకుండా రాయండి. రేపు మీ మనవరాలు ఆ మిషన్ ముందు కూచున్నప్పుడు, దారం తెగిన ప్రతిసారీ తన చేతకానితనమే అనుకుని ఊరికే ఏడవకుండా ఉంటుంది.